రెండుసార్లు దిద్దిన దావా

కోర్టుకి వెళ్ళడం మానేసి మూడేళ్ళయింది. నల్లకోటు నరసరావుపేటలో మా ఇంటి బీరువాలో ఉంది. అయినా ఇప్పటికీ ఎవరైనా ఒక కాగితం చేతికిస్తే ముందు వెనక్కి తిప్పి చూస్తాను. శుభలేఖ ఇచ్చినా అంతే. మా వారు నవ్వుతారు. ముప్పై నాలుగేళ్ళు మాచర్ల, గురజాల, నరసరావుపేట సివిలు కోర్టుల్లో తిరిగిన మనిషికి మిగిలే జబ్బు ఇది.

కొత్తగా ఈ పనిలోకి వచ్చే పిల్లలు అప్పుడప్పుడూ ఇంటికొచ్చి, "మేడం, మీరు గెలిచిన పెద్ద కేసు ఒకటి చెప్పండి" అంటారు. గెలిచిన కేసులు నాకు నేర్పింది తక్కువ. అందుకని గెలిచి కూడా తలెత్తుకోలేకపోయిన ఒక కేసు గురించి రాస్తున్నాను. ఒక బ్యాంకు మీద వేసిన దావా అది. దాన్ని రెండుసార్లు సవరించాల్సి వచ్చింది. మొదటిసారి దావాలో పడిన తప్పు దిద్దడానికి. రెండోసారి, ఆ దిద్దుబాటులో నేను చేసిన తప్పు దిద్దడానికి. పేర్లు మార్చాను. మిగతాదంతా జరిగింది జరిగినట్టే.

వాసన చూసే సీనియరు

మా సీనియరు రామకోటయ్య గారు ఎవర్నీ నమ్మేవారు కారు. అవతలి వకీలు ఫైలు ఒకసారి చూసిస్తానంటే, ఇచ్చేముందు పేజీలు లెక్కపెట్టేవారు, తిరిగొచ్చాక మళ్ళీ లెక్కపెట్టేవారు. నేను చేరిన కొత్తలో ఒకాయన వీలునామా తెచ్చాడు. వాళ్ళ తాత రాసిందన్నాడు. కాగితం పసుపుపచ్చగా మారి, అంచులు నలిగి, చూడగానే నమ్మేట్టు ఉంది. సీనియరు దాన్ని చదవలేదు. ముక్కు దగ్గర పెట్టుకుని చూసి నాకందించారు.

"ఏం వాసనమ్మా?"

"టీ వాసనండి."

"వాళ్ళ తాత టీలో ముంచుకుని రాసి ఉంటాడా?"

ఆ మనిషిని అప్పుడే లేపి పంపేశారు. నేను మాత్రం నెలరోజుల పాటు కనపడిన ప్రతి కాగితాన్నీ వాసన చూశాను. అనుమానించడం ఆయన దగ్గర బాగానే నేర్చుకున్నాను. కానీ ఆయన ముందు కాగితాన్ని అనుమానించేవారు, మనిషి సంగతి తర్వాత. ఆ వరస నాకు అప్పట్లో కనిపించలేదు. కనిపించేసరికి ఆయన లేరు.

నాలుగో పేరా

వీరమ్మది దుర్గి. భర్త బ్రహ్మయ్య రాతి శిల్పి, నందులూ వినాయకులూ చెక్కేవాడు. రాయి కోసే మిషను కొనడానికి ఇంటి దస్తావేజు బ్యాంకులో పెట్టి లోను తీసుకున్నాడు. బతికుండగానే అంతా కట్టేశాడు గానీ, దస్తావేజు వెనక్కి తెచ్చుకోలేదు. ఆయన పోయిన రెండో ఏడు వానలకి ఇంటి కప్పు కూలింది. మళ్ళీ కట్టుకోవడానికి ఎవరి దగ్గరికి వెళ్ళినా అసలు దస్తావేజు తెమ్మన్నారు. బ్యాంకుకి వెళ్తే వెతుకుతున్నామన్నారు. ఏడాదిన్నర వెతికారు. ఈలోపు ఆమె మరిది సాంబయ్య ఇంటి వెనక రేకుల గదిలో ఉంటోంది.

నా దగ్గరికి ఇద్దరూ కలిసే వచ్చారు. మాట్లాడింది మాత్రం సాంబయ్యే. అతనిదీ రాతి పనే. విగ్రహాలు కాదు, శిలాఫలకాల మీద అక్షరాలు చెక్కుతాడు. వీరమ్మ పక్కన కూర్చుని ఊ కొట్టింది.

"రేపు రమ్మంటారమ్మా. రేపు పోతే మేనేజరు మారాడంటారు. ఒకసారి మా వదిన చేత సంతకం గూడా పెట్టిచ్చుకున్నారు. పెట్టిచ్చుకుని కాయితం మాత్రం ఇయ్యలా."

"ఎక్కడ పెట్టించుకున్నారు?"

"బ్యాంకులోనే."

నేను అడిగింది ఏ కాగితం మీద అని. అతను చెప్పింది ఏ చోట అని. ఆ తేడా నేను పట్టించుకోలేదు. దావా నాలుగో పేరాలో, వాది బ్యాంకు రిజిస్టరులో సంతకం చేసినప్పటికీ దస్తావేజు ఇవ్వలేదని రాశాను. రిజిస్టరు అన్న మాట సాంబయ్య నోట రాలేదు. వాక్యం నిండుగా ఉంటుందని నేనే చేర్చాను. అంతకంటే ఘోరం ఇంకోటుంది. వీరమ్మకి సంతకం రాదు. నన్ను వకీలుగా పెట్టుకుంటూ ఇచ్చే వకాలతు మీద నా ఎదురుగానే వేలిముద్ర వేసింది. మన వైపు వేలిముద్ర వేసినా సంతకం పెట్టామనే అంటారు. అది నాకు తెలుసు. తెలిసే అలా రాశాను.

దావా రాసేటప్పుడు క్లయింటు చెప్పని మాట ఒక్కటి కూడా పడకూడదు. అందంగా ఉందని అసలే పడకూడదు.

వరండాలో చెప్పిన మాట

బ్యాంకు జవాబు రెండు పేజీలే. దస్తావేజు వాదికే స్వయంగా ఇచ్చామని, ఆమె రిజిస్టరులో సంతకం చేసి తీసుకుందని, ఆ సంగతి తన దావా నాలుగో పేరాలో ఆమే ఒప్పుకుందని అందులో ఉంది. దానికి రిజిస్టరు పేజీ జిరాక్సు జత చేశారు. అందులో ఒక వరసలో 'వీరమ్మ' అని తెలుగులో గుండ్రంగా సంతకం.

మన దావాలో మనమే ఒప్పుకున్న మాటని వెనక్కి తీసుకోవడం తేలిక కాదు. సవరణ పిటిషను వేయొచ్చు. కానీ ఇప్పుడెందుకు మాట మారుస్తున్నావని మొదట అడిగేది జడ్జి గారే.

వీరమ్మని పిలిపించాను. సాంబయ్యని బయట బెంచీ మీద కూర్చోమన్నాను.

"ఈ సంతకం ఎవరిది?"

"నాకు రాదు గదమ్మా సంతకం. ఆ రోజు తెల్లకాయితం మీద ఏలుముద్ర ఏపిచ్చుకున్నారు. దస్తావేజు కావాలని అర్జీ పెట్టాలన్నారు."

"మరి ఇది ఎవరు పెట్టారు?"

"నాకేం తెలుసు?"

అదే వారం కోర్టు వరండాలో బ్యాంకు వకీలు గారు ఎదురయ్యారు. పెద్దమనిషి, నాకంటే సీనియరు. టీ తాగుతూ, ఏదో వాతావరణం గురించి చెబుతున్నట్టు అన్నారు. "దస్తావేజు ఇంట్లోనే వెతికించండి మేడం. బ్యాంకుకి ఆవిడ కంటే మరిది ఎక్కువసార్లు వచ్చాడని మావాళ్ళు అంటున్నారు."

అంతే. గ్లాసు పెట్టేసి వెళ్ళిపోయారు.

ఆ మాట నాలో దిగింది. ఇక అన్నీ దానికి అతుక్కోవడం మొదలైంది. ఎప్పుడొచ్చినా మాట్లాడేది సాంబయ్యే. ఆమె ఉండేది అతని ఇంట్లో. అతని స్థలం ఆమె స్థలం పక్కనే. మొదటి రోజే "అన్న స్థలానికి హద్దులు ఎట్టా రాసుందో చూడండమ్మా" అని అడిగాడు. పైగా అతనికి తెలుగు అక్షరాలు బాగా వచ్చు, గుండ్రంగా చెక్కుతాడు కూడా. ఒక్కోటీ కలుపుకుంటూ పోతే మనిషి దొరికిపోయాడనిపించింది. ఆ మాట ఎవరి నోటి నుంచి వచ్చిందో, దానివల్ల ఎవరికి లాభమో మాత్రం ఆలోచించలేదు. ఊరందర్నీ అనుమానించేదాన్ని, నా అనుమానాన్ని మాత్రం అక్షరాలా నమ్మాను.

మొదటి సవరణ

పిటిషను నేనే కూర్చుని రాశాను. నాలుగో పేరాలో సంతకం అన్నచోట తెల్లకాగితం మీద వేలిముద్ర అని మార్చాలని కోరాను. అక్కడితో ఆగితే సరిపోయేది. నేను ఆగలేదు. నాలుగు-ఎ అని కొత్త పేరా చేర్చాను. సాంబయ్య తన వదిన అమాయకత్వాన్ని ఆసరా చేసుకుని, బ్యాంకు సిబ్బందితో కుమ్మక్కై, ఆమె పేరుతో దొంగ సంతకం పెట్టి, స్థలం కాజేయాలని దస్తావేజు తీసుకుపోయాడని అందులో ఉంది. అతన్ని రెండో ప్రతివాదిగా చేర్చమని అడిగాను.

మా కోర్టులో ఇవన్నీ ఇంగ్లీషులో నడుస్తాయి. పిటిషనుతో పాటు వాది ప్రమాణపత్రం ఇవ్వాలి. చదువురాని మనిషైతే, ఇందులోని సంగతులు తెలుగులో చదివి వినిపించగా అర్థమైందని ఒప్పుకుని వేలిముద్ర వేసింది, అని చివర ఒక వాక్యం ఉంటుంది. దాన్ని ఎవరూ చెప్పనక్కర్లేదు, టైపిస్టే కొట్టేస్తాడు. కింద సాక్షిగా ఇంకో వకీలు సంతకం పెడతారు, చూడకుండానే. నేనూ వందల మందికి అలా పెట్టాను.

ఆ రోజు వీరమ్మ ఒక్కతే బస్సులో వచ్చింది. నేను హడావిడిగా ఉన్నాను.

"ఇదేందమ్మా?"

"సంతకం అని పడింది కదా, ఆ తప్పు దిద్దుతున్నాం. వెయ్యి."

వేసింది. ఇంకు తుడుచుకోవడానికి ఆమెకి ఒక జిరాక్సు ముక్క ఇచ్చాను.

పని తొందరలో చెప్పడం మరిచిపోయానని తర్వాత నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. చెప్తే ఒప్పుకోదని నాకు తెలుసు. దస్తావేజు చేతికొచ్చాక ఆమే సంతోషిస్తుందిలే అనుకున్నాను.

బ్యాంకు వకీలు గారు పెద్దగా అడ్డు చెప్పలేదు. అది కూడా నన్ను ఆపాల్సింది. జడ్జి గారు కుర్రవాడు, కొత్తగా వచ్చారు. వకాలతు మీద వేలిముద్ర చూపించి, రిజిస్టరులో సంతకం చూపించి గట్టిగా వాదించాను. సవరణకి అనుమతి ఇచ్చారు. ఆ రోజు ఇంటికి ఎంత గర్వంగా వచ్చానో!

"వేలిముద్ర వేశావుగా"

సాంబయ్య పని చేసుకుంటుంటే, నలుగురూ చూస్తుండగా సమను అందింది. మూడో రోజు పొద్దున్నే వీరమ్మ మా ఆఫీసుకి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఏందమ్మా ఇది? మా సాంబయ్య మీద కేసేంది?"

"అది నీ మంచికే వీరమ్మా. అతనే ఆ సంతకం—"

"నేను చెప్పానా నీకు? సాంబయ్య దొంగని నేనెప్పుడు చెప్పా?"

"కాగితం మీద వేలిముద్ర వేశావుగా."

నా నోటి నుంచే వచ్చింది ఆ మాట. ఆమె నన్ను అలాగే చూసింది.

"బ్యాంకోళ్ళు గూడా ఇదే అన్నారమ్మా," అంది.

సాంబయ్య సమను మడిచి సంచిలో పెట్టుకున్నాడట. అతని భార్య మాత్రం అన్నం పెట్టి, తినేదాకా నిలబడి చూసి, "మా ఇంట్లో తింటా మా మీదే కేసేశావా అక్కా" అని అడిగిందట. వీరమ్మ పళ్ళెం పక్కన పెట్టేసి, గుడ్డలు మూటకట్టుకుని మాచవరంలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయింది.

"కప్పు కూలినప్పుడు గూడా నాకు దిక్కు లేదనిపియ్యలా. ఇప్పుడనిపిస్తంది," అని చెప్పి మెట్లు దిగింది. ఆ కేసు నా దగ్గర్నుంచి తీసేసుకుంటుందేమో అనుకున్నాను. తీసుకోలేదు. ఇంకో వకీలుని పెట్టుకునే ఓపిక ఆమెకి లేదు.

రెండు అంకెలు

వాయిదా రోజున సాంబయ్య వకీలు లేకుండా వచ్చాడు. చేతిలో గుడ్డసంచి. నా వైపు చూడలేదు. జడ్జి గారు వకీలుని పెట్టుకోవయ్యా అంటే చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"పెట్టుకుంటానండి. ముందర ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

"నాకు ఇంగ్లీషు రాదండి. అంకెలొచ్చు. మా అన్న లోను కట్టిన రసీదుల మీద నంబరు చివర నలభై ఒకటి ఉంది. బ్యాంకోళ్ళ రిజిస్టరులో మా వదిన పేరున్న వరసలో చివర పద్నాలుగుంది. ఒకే లోనుకి రెండు నంబర్లుంటాయాండి?"

జడ్జి గారు కాగితాలు తిప్పారు. రసీదులు చూశారు, రిజిస్టరు జిరాక్సు చూశారు, తర్వాత తలెత్తి నా వైపు చూశారు.

ఆ రసీదులు కోర్టులో దాఖలు చేసింది నేనే. రిజిస్టరు జిరాక్సు కూడా నా ఫైలులోనే ఎనిమిది నెలలుగా ఉంది. సమనుతో పాటు ఆ నకళ్ళన్నీ సాంబయ్యకి వెళ్ళాయి. వాటిని పక్కపక్కన పెట్టి చూసింది, నేను ఎవర్ని దొంగ అన్నానో ఆ మనిషి.

"నువ్వెట్లా కనిపెట్టావు?" అని జడ్జి గారు అడిగారు.

"రాయి మీద అక్షరం తప్పు పడితే ఆ రాయి నాకే మిగులుద్దండి. అందుకని ఒక్కోటీ చూసుకుంటా."

జడ్జి గారు అసలు రిజిస్టరు, రెండు లోన్ల కవర్లు తెమ్మని బ్యాంకుని ఆదేశించారు. తర్వాతి వాయిదాకి అప్పటి మేనేజరు పట్టుకొచ్చి, అందరి ముందూ తెరిచాడు. పద్నాలుగో నంబరు లోను అదే మండలంలో ఇంకో ఊరి వీరమ్మది. కవరు ఖాళీ. నలభై ఒకటో నంబరు, అంటే బ్రహ్మయ్య కవరు తెరిస్తే, అందులో ఆ రెండో వీరమ్మ దస్తావేజు ఉంది. ఎప్పుడో కవర్లలో కాగితాలు తారుమారయ్యాయి. ఆమె లోను తీర్చి సంతకం పెట్టి తీసుకెళ్ళింది మా వీరమ్మ దస్తావేజు. దొంగ సంతకమూ లేదు, కుమ్మక్కూ లేదు.

ఆ రెండో వీరమ్మని పిలిపిస్తే, దస్తావేజుని పాలిథిన్ సంచిలో చుట్టుకుని తెచ్చింది.

"పేరు రాయటం వరకే వచ్చండి, చదవటం రాదు. నాదే అనుకుని పెట్లో పెట్టుకున్నా. నన్ను జైల్లో ఎయ్యరు గదా?"

బ్యాంకు దస్తావేజు అప్పగించాలని, ఖర్చులూ నష్టపరిహారమూ ఇవ్వాలని కొన్నాళ్ళకి తీర్పొచ్చింది. కేసు గెలిచాం.

ఇప్పటికీ నమ్మనిది

పొరపాటున కవర్లు మారాయంటే నమ్ముతాను. దాని తర్వాత జరిగింది పొరపాటంటే మాత్రం నమ్మను. వీరమ్మ మొదటిసారి అడగడానికి వెళ్ళినప్పుడు ఎవరో ఒకరు బ్రహ్మయ్య కవరు తెరిచి ఉంటారు. తెరిచిన వాళ్ళకి పై పేజీలోనే వేరే మనిషి పేరు కనిపించి ఉంటుంది. అంటే ఏడాదిన్నర పాటు వెతుకుతున్నామన్న వాళ్ళలో ఒక్కరికైనా నిజం తెలుసు. ఇంకోటి. బ్యాంకు జవాబులో రిజిస్టరు పేజీ నంబరు రాశారు, తారీకు రాశారు. లోను నంబరు రాయలేదు. బ్యాంకు వాళ్ళు దేనికైనా ముందు రాసేది లోను నంబరే. అది లేదని నాకు ఆ రోజే అనిపించి ఉండాల్సింది. అవతలి వాళ్ళు రాసిందాన్ని అందరూ చదువుతారు. వాళ్ళు రాయకుండా వదిలేసింది చదవడానికే మీకు ఫీజు ఇచ్చేది.

బ్యాంకు వకీలు గారిని తర్వాత ఒక పెళ్ళిలో అడిగాను. "మీకు తెలుసా సార్, వరండాలో నాతో అన్నప్పుడు?" అని.

"క్లయింటు చెప్పిందే నేనూ చెప్పానమ్మా," అన్నారు, పెరుగు కలుపుకుంటూ.

నమ్మలేదు. కానీ ఆయన్ని తప్పుపట్టే నోరు నాకు లేదు. ఆయన ఒక్క మాట అన్నారు. దాన్ని పేరాగా రాసి కోర్టులో పెట్టింది నేను.

రెండో సవరణ

తీర్పుకి ముందే రెండో సవరణ పిటిషను వేశాను. నాలుగు-ఎ పేరా కొట్టేయాలని, రెండో ప్రతివాదిని దావా నుంచి తీసేయాలని. ఈసారి ప్రమాణపత్రం తెలుగులో రాశాను. వీరమ్మ ముందు కూర్చుని మొదటి నుంచి చివరి దాకా చదివాను. ఆమె కళ్ళు మూసుకుని విన్నది. "ఇంకోసారి చదువు," అంది. మళ్ళీ చదివాను. అప్పుడు వేసింది వేలిముద్ర.

అనుమతి వచ్చాక అసలు దావా మీద ఎర్రసిరాతో ఆ పేరా నేనే కొట్టేశాను. కొట్టేసిన కింద అక్షరాలు చక్కగా కనపడుతూనే ఉంటాయి. కోర్టు కాగితాల్లో అలాగే ఉంచాలి, చెరిపేయకూడదు.

వీరమ్మ స్థలంలో ఒక గది వేసుకుంది. సాంబయ్య ఇంటి గోడకి ఆనుకునే. రాతి పునాది అతనే వేశాడని విన్నాను. అతని భార్య మాత్రం వీరమ్మతో మాట్లాడదట.

గృహప్రవేశానికి నన్ను పిలవలేదు. అది అయిన నెలకి నేనే దుర్గి వెళ్ళాను. సాంబయ్య రేకుల కింద కూర్చుని ఏదో స్కూలు శిలాఫలకం చెక్కుతున్నాడు. నన్ను చూసి లేచి, తువ్వాలుతో స్టూలు దులిపి వేశాడు. మంచినీళ్ళు ఇచ్చాడు.

"సాంబయ్య గారూ, నేను తప్పు చేశాను," అన్నాను. అంత వయసొచ్చాక ఒక క్లయింటు ఊరు వెళ్ళి ఆ మాట అనడం అదే మొదటిసారి.

అతను సంచిలోంచి సమను కాగితాలు తీసి నా చేతిలో పెట్టాడు. మడతలు పడి, అంచులకి రాతిపొడి అంటి ఉంది.

"ఇది ఇంతవరకూ ఎవరి చేతా చదివిచ్చుకోలేదమ్మా. ఊళ్ళో వాళ్ళకిస్తే ఊరంతా తెలుసుద్దని. నా మీద ఏం రాశారో, మీరే చదవండి."

"అది కొట్టేశామండి. ఇప్పుడు అది లేదు."

"నా దాంట్లో ఉందిగా. తెలుగులో చదవండి."

చదివాను. ఒక్కో వాక్యం ఇంగ్లీషులో చూసి తెలుగులో చెప్పాను. ఆసరా చేసుకుని అన్నాను, కుమ్మక్కై అన్నాను, కాజేయాలని అన్నాను. ఎక్కడైనా మెత్తగా చెబుదామా అనుకున్నాను గానీ, అతను నా పెదాల్నే చూస్తున్నాడు.

సాంబయ్య కాగితాలు తీసుకుని ఎప్పటి మడతల్లోనే మడిచాడు.

"చానా బాగా రాశారమ్మా," అన్నాడు. "వింటా ఉంటే, ఆ సాంబయ్యగాడు నిజంగానే దొంగనాకొడుకు అనిపిచ్చింది నాకే."

తర్వాత ఉలి తీసుకుని పనిలో కూర్చున్నాడు. నేను నీళ్ళ గ్లాసు పట్టుకుని ఇంకా కొంతసేపు అక్కడే ఉన్నాను.